చాంద్ బాషా సారు తోడేళ్ళ లెక్క

చాంద్ బాషా సారు ఎవరు చెప్పిన లెక్కనూ మొదటిసారి నమ్మేవాడు కాదు. ఆయన గురించి ప్రొద్దుటూరులో ఎవరిని అడిగినా ముందు చెప్పేది ఈ సంగతే. నమ్మకపోతే గొంతు పెంచి వాదించే రకమూ కాదు. తల కొంచెం పక్కకు వంచి, కళ్ళజోడు మీదుగా చూసి, "ఇంకోసారి లెక్కబెట్టుకోని రాప్పా" అనేవాడు. ఎంత మెత్తగా అనేవాడంటే, ఎదుటి మనిషికి కోపం వీధి మలుపు తిరిగాక గానీ వచ్చేది కాదు.

తన పెళ్ళిలోనూ ఇదే వరస. ఖాజీ గారు మూడుసార్లు "కబూలేనా" అని అడిగి, సంతకాలకు పుస్తకం తెరిచాడు. పెళ్ళికొడుకు తల పక్కకు వంచి, "రెండుసార్లే అయింది. మొదటిది మీ దగ్గులో కలిసిపోయింది, ఇంకోసారి అడగండి" అన్నాడట. ఖాజీ గారు గొణుక్కుంటూ నాలుగోసారి అడిగాడు. ఇరవై ఏళ్ళ తరువాత కూడా సారు భార్య జానీబీ ఈ ముచ్చట వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "మూడుసార్లు ఒప్పుకున్నోళ్ళే మాట తప్పుతాండారు. ఈయప్ప నాలుగుసార్లు ఒప్పుకున్న్యాడు, ఇంక యాడికి పోతాడు?" అనేది.

కడుపు నింపే పని డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పడం. ప్రాణం మాత్రం పరిశోధన మీద. ఏ కొండ మీద ఏ జంతువులు ఎన్ని ఉన్నాయి, ఎందుకు పెరుగుతున్నాయి, ఎందుకు తరుగుతున్నాయి అన్నదాన్ని సమీకరణాల్లో పెట్టేవాడు. దూరదేశాల పత్రికల్లో ఆయన వ్యాసాలు అచ్చయ్యేవి. యూనివర్సిటీ వాళ్ళు పీహెచ్‌డీ పిల్లలకు గైడుగా కూడా ఒప్పుకున్నారు. ఊళ్ళో మాత్రం ఆయన తోడేళ్ళ సారే. తోడేళ్ళకు లెక్కలు నేర్పిస్తాడని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు.

ఒక ఎన్నికల కాలంలో ఒక పార్టీ ప్రొద్దుటూరులో సభ పెట్టింది. లక్షమంది వచ్చారని ఊరంతా చాటింపు. సారు ఆ సాయంత్రం పక్కనున్న మేడ ఎక్కి, మైదానాన్ని గళ్ళుగళ్ళుగా విడదీసుకొని, గడికి ఇంతమంది అని లెక్కగట్టి, మరుసటిరోజు టీ అంగట్లో ఆరువేల మూడువందల నలభై అని చెప్పేశాడు. మధ్యాహ్నానికల్లా నలుగురు కార్యకర్తలు ఇంటికొచ్చారు.

"సార్, మా నాయకుడు లక్ష అంటాండాడు. నువ్వేంది ఆరువేలంటావు?"

"మీ నాయకుడు ఏ పద్ధతిలో లెక్కబెట్టినాడప్పా?"

"నాయకుడు లెక్కబెట్టడు సార్. చెప్తాడు, అంతే."

"అయితే ఇంకోసారి జనాన్ని పిలిపించండి. ఈసారి ఇద్దరం కలిసి లెక్కబెడతాం."

ఈ సంగతి తెలిసి అవతలి పార్టీవాళ్ళు పూలదండతో వచ్చారు. తమ సభకు ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సభ ముగియగానే సారు లేచి, ఐదువేల తొమ్మిదివందలు అన్నాడు. దండ వేసినవాళ్ళే దండ తీసుకొని పోయారు. ఆ తరువాత జిల్లాలో ఆ రెండు పార్టీలూ ఏకమైన విషయం ఒక్కటే: ఈ సారును ఏ సభ దరిదాపులకూ రానివ్వకూడదు.

అలాంటి మనిషి దగ్గర పరిశోధనకు చేరిన దురదృష్టవంతుడు సిద్దయ్య. జమ్మలమడుగు అవతల కొండాపురం దారిలో ఉన్న నల్లగుట్లపల్లె వాడు. తాత ముత్తాతల నుంచి గొర్రెలు కాసుకొని బతికిన ఇల్లు. తండ్రి లేడు. తల్లి పేరు పెద్దక్క. ఆమే మందను కాచుకుంటూ కొడుకును ఎమ్మెస్సీ దాకా చదివించింది. "కరువు నేలలో గొర్రెలూ తోడేళ్ళూ" అని సారే పరిశోధనాంశం ఇచ్చాడు. గొర్రెలతో మొదలుపెట్టమన్నాడు. ఇంట్లోనే మంద ఉంది కదా, ఇంత సులువైన పీహెచ్‌డీ లోకంలో ఉండదని సిద్దయ్య సంబరపడ్డాడు. పల్లెకు పోయి, దొడ్డి వాకిట్లో నిలబడి, ఒకటి, రెండు, మూడు అని వేలు చూపించాడో లేదో, పెద్దక్క చేతికర్ర ఎత్తింది.

"నీ నోట్లో మన్ను బడ! జీవాల్ని ఎవురన్నా లెక్కబెడతారంట్రా? దిష్టి తగిలి మంద కరిగిపోదూ!"

ఈ ఫిర్యాదు విని సారు స్వయంగా స్కూటరు మీద పల్లెకు వచ్చాడు. "అది కాదక్కా, లెక్కబెట్టకపోతే ఒకటి తప్పిపోయినట్టు నీకెట్లా తెలుస్తాది?" అని అడిగాడు.

"నీకు పిలకాయలెందరు సార్?"

"నలుగురు."

"ఒగడు ఇంటికి రాకపోతే లెక్కబెట్టి కనుక్కుంటావా, మొగాలు జూసి కనుక్కుంటావా?"

సారు "ఇంకోసారి" అనకుండానే తల ఊపాడు. ఇది అపూర్వమైన సంఘటన. అయినా పంతం వదలక సిద్దయ్య చేత చాటుగా లెక్కపెట్టించాడు. ఎనభై ఆరు. ఉండవలసినవీ ఎనభై ఆరే. సిద్దయ్య గర్వంగా చెప్పాడు. పెద్దక్క ఒక్క చూపు చూసి, "దాంట్లో ఒగటి మనది కాదు. మన చెవులపొట్టిది యాడనో తప్పిపోయింది" అంది. వెతికితే పక్క మందలో దొరికింది. సారుకు పండగే. లెక్క సరిపోయినా తప్పు కావచ్చునని ఆ రోజే తేలిందనీ, ఇక ఏ లెక్కనూ ఒక్కసారితో వదలకూడదనీ ప్రొద్దుటూరు చేరేదాకా స్కూటరు మీద చెబుతూనే ఉన్నాడు. వెనక కూర్చున్న సిద్దయ్యకు తన రాబోయే నాలుగేళ్ళు కళ్ళకు కట్టాయి.

అనుకున్నంతా అయింది. ప్రతి నెలా ఒకటో తేదీ తోడేళ్ళను లెక్కపెట్టాలి, అది ఎలాగూ ఉంది. అది కాక ఉన్నట్టుండి ఎప్పుడో ఒకసారి సారు నుంచి కబురు వచ్చేది. "రేపు గండికి పోయి పాపఘ్ని ఒడ్డున చూడు." "ఎల్లుండి పులివెందుల అవతలి గుట్టల్లో చూడు." పొద్దున చూడాలి, సాయంత్రం చూడాలి, మళ్ళీ మరుసటి పొద్దున చూడాలి. చూసిన చోట ఎవరో ఒకరి చేత టైము వేయించి సంతకం తీసుకురావాలి. ఒకసారి ఎంతో కష్టపడి ఒక తోడేలును చూసి, బొమ్మ కూడా గీసుకొని వచ్చాడు. సారు బొమ్మ చూసి, "తోక పైకి చుట్టుకుందే. ఇది కుక్క. ఇంకోసారి పో" అన్నాడు.

కుక్క సంగతి సరే. కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీ బూడిద చెరువు కాడికి పంపినప్పుడు మాత్రం సిద్దయ్యకు ఒళ్ళు మండిపోయింది.

"సార్, ఆ బూడిదలో తోడేళ్ళు యాడుంటాయి?"

"లేవని నీకెట్లా తెలుసు?"

"అందరికీ తెలుసు సార్!"

"ఒకసారి చూసి సున్నా అంటే అది సున్నా కాదు. మూడుసార్లు చూడాల. పో."

పోయాడు. బూడిద ఎగిరి కళ్ళలో పడుతుంటే రెండు రోజులు సున్నాలు రాసుకున్నాడు. సంతకం పెట్టిన వాచ్‌మెన్ జాలిపడి, "నీకు పెండ్లి అయిందా నాయనా?" అని అడిగాడు. కాలేదంటే, "ఇంక కాదులే" అన్నాడు.

సిద్దయ్య బాధ ఎండ గురించీ బూడిద గురించీ కాదు. పల్లెలో నారాయణన్న ఉన్నాడు. భూములున్నవాడు, జీపులున్నవాడు, ఒక వర్గానికి పెద్ద. ఏ ఎన్నికకు ఏ పార్టీలో ఉంటాడో ఆయనకే చివరిదాకా తెలియదు గానీ, ఊళ్ళో సగం ఇళ్ళు మాత్రం ఎప్పుడూ ఆయన వెనకే. పెద్దక్క ఇల్లూ ఆ సగంలోదే. ఆ నారాయణన్న ఒకరోజు సిద్దయ్య భుజం మీద చెయ్యివేసి, "చదువుకున్నోడు మనోడు ఒగడుండాల. కాలేజీలో లెక్చరర్ పోస్టు నేను జూస్తా. నువ్వు కూడా అక్కరకొచ్చిన దినం జీపులో కనపడల్ల" అన్నాడు. ఇరవై మూడేళ్ళ సిద్దయ్యకు ఒళ్ళు పులకరించింది. జీపు మీద నిలబడి జమ్మలమడుగు బజారులో పోతున్నట్టు ఊహించుకున్నాడు కూడా. తీరా అక్కరకొచ్చిన దినం ఎప్పుడొచ్చినా, సిద్దయ్య ఏదో ఒక గుట్ట మీద సున్నాలు రాసుకుంటూ ఉండేవాడు. ఈ ముసలాయన తన ఉద్యోగాన్ని నిలువునా ముంచుతున్నాడని తల్లి దగ్గర ఏడ్చాడు. పెద్దక్క సారును, సారు స్కూటరును, లోకంలోని తోడేళ్ళన్నింటినీ కలిపి తిట్టింది.

ఒకసారి నారాయణన్నే ప్రొద్దుటూరు వచ్చి సారు ఇంటి ముందు జీపు ఆపించాడు.

"సార్, సోమవారం మా సిద్దయ్య నాకు కావాల. కోర్టు వాయిదా ఉండాది."

"సోమవారం తోడేళ్ళ లెక్క ఉందప్పా."

"తోడేళ్ళు మంగళవారం ఉండవా?"

"ఉంటాయి. సోమవారం ఉన్నన్ని ఉంటాయా అనేదే కదా తెలియాల్సింది."

నారాయణన్న నవ్వాడు. "అది సరే గానీ సార్, మా రెండు వర్గాలకు కూడా నీ కాడ ఏదైనా సమీకరణం ఉండాదా? ఎవురు పెరుగుతారు, ఎవురు తగ్గుతారు?"

"ఉంది నారాయణన్నా. శానా సులువు. తోడేళ్ళు తోడేళ్ళను తినవు. రెండు పక్కలా గొర్రెలే తగ్గుతాయి."

నారాయణన్న ఇంకా గట్టిగా నవ్వి, ఈ సారు భలే మాటకారి అని అనుచరులకు చెప్పుకుంటూ పోయాడు. అనుచరులు కూడా నవ్వారు. లోపల నిలబడి విన్న సిద్దయ్యకు ఒక్కడికే మొహం మాడిపోయింది. సోమవారం అతనికి మళ్ళీ బూడిద చెరువే.

ఆ సోమవారం జమ్మలమడుగు కోర్టు నుంచి తిరిగి వస్తుంటే నారాయణన్న జీపు మీద నాటు బాంబులు పడ్డాయి. నారాయణన్న అందులో లేడు. ఆ రోజు ఆయనకు కడుపునొప్పి. పెద్ద వాయిదాల రోజుల్లో ఆయనకు కడుపునొప్పి రావడం మామూలే. సిద్దయ్య కూర్చోవాల్సిన చోట అతని పెదనాయన కొడుకు మునెయ్య కూర్చున్నాడు. ప్రాణం దక్కింది గానీ మునెయ్య కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. చెయ్యి పోయినవాడికి తరువాత నారాయణన్న నుంచి అందింది ఆస్పత్రిలో ఒక పండ్ల బుట్ట. మునెయ్య జమ్మలమడుగు బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకొని, ఎడమచేత్తోనే టీ పోయడం నేర్చుకున్నాడు.

పెద్దక్క మాత్రం కొడుకును గండి ఆంజనేయస్వామి దగ్గరికి లాక్కుపోయి, నూట ఎనిమిది కొబ్బరికాయలు కొట్టించి, గుండు చేయించింది. పుణ్యమంతా స్వామి ఖాతాలో పడింది. సారుకు దక్కింది పాత తిట్లే. గుండుతో కనపడ్డ సిద్దయ్యను చూసి సారు, "ఈ గుండు ఎండకు మెరిస్తే తోడేళ్ళు బెదురుతాయి" అని తన తెల్ల టోపీ తీసి పెట్టాడు. నెలరోజులు ఆ టోపీతోనే సిద్దయ్య గుట్టలెక్కాడు.

నాలుగేళ్ళకు పదకొండు తోడేళ్ళు, లెక్కలేనన్ని సున్నాలతో థీసిస్ తయారైంది. తొంభై తొమ్మిదిలో యూనివర్సిటీలో మౌఖిక పరీక్ష. పరీక్షించడానికి కోస్తా నుంచి ఒక ప్రొఫెసరు గారు వచ్చారు. ఎవరైనా వచ్చి వినవచ్చు కాబట్టి పల్లె నుంచి పెద్దక్క, మునెయ్య, ఇంకో పదిమంది వచ్చి వెనక బెంచీల మీద కూర్చున్నారు. మునెయ్య పెద్ద ఫ్లాస్కు నిండా టీ తెచ్చాడు. అటు కాలేజీ లెక్చరర్లు, ఇటు గొర్రెల కాపర్లు. గంటసేపు సమీకరణాలు సజావుగా నడిచాయి. అంతలో ప్రొఫెసరు గారు చివరి పేజీలకు తిప్పి కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇదేమిటండీ? ప్రతి నెలా ఒకటో తేదీ చూశారు, బాగానే ఉంది. మరి ఈ పందొమ్మిది రోజులేమిటి? ఒక వరసా లేదు, వావీ లేదు. వీటిల్లో చాలావరకు తోడేళ్ళు ఉండే అవకాశమే లేని చోట్లు కూడానండి. ఏ పద్ధతిలో ఎంచారు ఈ తేదీలు?"

అది సిద్దయ్యకూ తెలియదు. సారు చెప్పినప్పుడల్లా పోయాడు, అంతే. సారు వైపు చూశాడు. అందరి లెక్కలూ తప్పుపట్టే సారు నేలవైపు చూస్తున్నాడు.

"సమాధానం లేకపోతే నేను సంతకం పెట్టలేనండి. తేదీలు ఇష్టం వచ్చినట్టు వేసుకుంటే మొత్తం లెక్క మీదే అనుమానం వస్తుంది. చూడండి, తొంభై ఏడు, మార్చి ఇరవై మూడు. ఎందుకు?"

వెనక బెంచీ నుంచి ఒక ముసలాయన పక్కవాడితో, "సొసైటీ ఎలక్షన్ల దినం" అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ హాలంతా వినబడింది.

"తొంభై ఏడు, జూన్ పదహారు."

"కోర్టు వాయిదా" అని ఇంకెవరో.

"ఆగస్టు పద్దెనిమిది."

"నారాయణన్న తమ్ముని వర్ధంతి గదా" అంది పెద్దక్క. అని, తన నోటికే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ప్రొఫెసరు గారు అయోమయంగా చుట్టూ చూశారు. ఆ హాల్లో ఆ తేదీలు తెలియనివాడు ఆయన ఒక్కడే. గొర్రెల కాపర్ల నుంచి లెక్చరర్ల దాకా ఈ జిల్లావాళ్ళందరికీ అవి కంఠతా వచ్చు. ఏ రోజు పిల్లల్ని బడికి పంపకూడదో, ఏ రోజు బస్సు ఎక్కకూడదో గుర్తుపెట్టుకొనే పెరిగారు అందరూ.

"తొంభై ఎనిమిది, నవంబరు తొమ్మిది" అన్నారు ప్రొఫెసరు గారు, ఈసారి కొంచెం భయంభయంగా.

మునెయ్య లేచి నిలబడి, మణికట్టు దగ్గరే ఆగిపోయిన కుడిచేతిని ఎత్తి చూపించాడు. "అది దీని వర్ధంతి సార్."

ఎవరో నవ్వారు. మునెయ్య కూడా నవ్వాడు. తరువాత ఎవరూ నవ్వలేదు. సిద్దయ్య ఆ పందొమ్మిది తేదీలను మొదటిసారి ఒక్కచోట చూసుకున్నాడు. కొబ్బరికాయలన్నీ గుర్తుకొచ్చాయి. ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. నాలుగేళ్ళు ఈ మనిషిని తిట్టని రోజు లేదు.

సారు లేచాడు. "తేదీలు నావి సార్. పిల్లోని తప్పేం లేదు. పేపర్లు జూసి, వాయిదాలు జూసి అంచనా కట్టినా. అది కూడా అంత గొప్ప అంచనా కాదు. పందొమ్మిదిట్లో పదహారు దినాలు ఏమీ జరగలా."

మిగతా మూడు దినాల సంగతి ప్రొఫెసరు గారు అడగలేదు. కాగితాలు అటూ ఇటూ తిప్పి, "కారణం ఏదైనా రాతలో ఉండాలండి. అది నియమం" అన్నారు.

సారు జేబులోంచి కలం తీశాడు. ఒక దశాంశం తప్పితే అధ్యాయం మొత్తం తిరగరాయించే మనిషి, తన పేరు ఉన్న థీసిస్ చివరి పేజీలో, తన చేత్తోనే, లోకంలోని లెక్కలవాళ్ళంతా చదివేటట్టు ఇలా రాశాడు: "ఈ పందొమ్మిది రోజులూ తోడేళ్ళు ఎక్కడ ఉంటాయో ముందే తెలుసు. అందుకే పరిశోధకుణ్ణి అవి లేని చోటుకు పంపడమైనది."

ప్రొఫెసరు గారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

బయటికి రాగానే పెద్దక్క సారుకు అడ్డం నిలబడింది. దండం పెడుతుందేమోనని సారు భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమెకు ఆ ఉద్దేశమే లేదు.

"ఏం సార్, నాకొక మాట చెప్పింటే ఇంట్లోనే కట్టేసుకుందును గదా! నాలుగేండ్లు ఎండలో మాడిస్తివి నా బిడ్డను. ఎట్లుండేటోడు ఎట్లైపాయ!"

"ఇంట్లో కట్టేస్తే తెంచుకోని పోతాడక్కా, వయసు అట్లాంటిది. థీసిస్ అంటే పోడు. దాని పలుపు కంటికి కనపడదు."

పెద్దక్క అదీ నిజమే అన్నట్టు ముక్కు చీదుకుంది. డాక్టర్ సిద్దయ్య ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. సారు అతణ్ణి చూడనట్టు మునెయ్య ఇచ్చిన టీ అందుకున్నాడు. మునెయ్య ఎడమచేత్తో ఒక్క చుక్క ఒలకకుండా అందరికీ పోసి, సారు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, నా కొడుకు ఎనిమిదో తరగతి. ఇప్పుడిప్పుడే జీపుల వెనక ఉరుకుతాండాడు. వాన్ని కూడా యాడికన్నా పంపించు సార్."

"ఎనిమిదో తరగతికి తోడేళ్ళెందుకప్పా? పిచ్చుకలతో మొదలుపెడదాం. మీ ఊర్లో మళ్ళా సొసైటీ ఎలక్షన్లు ఎప్పుడు?"

"వచ్చే ఆదివారం సార్."

"అయితే శనివారం పొద్దున్నే బస్సెక్కించు."